బస్సులో వచ్చిన కప్ప

మంగళవారం, రాత్రి

దేశమంతటా ఏ కప్ప ఎక్కడుందో పటంలో గుర్తుపెట్టే పిల్ల ఈ రోజు వచ్చింది. వాన కోసం ఆడవాళ్లు రోకలికి కట్టి ఊరంతా తిప్పిన కప్పను తొట్టిలో చూసి, మా ఊరికి చుక్క పెట్టబోయింది. కొత్తవాళ్లతో నాకు మాట పెగలదు. అయినా చెప్పాను.

"అది మా ఊరిది కాదమ్మా. కోడలు తిరుత్తంగల్ టౌను నుంచి బస్సులో తెచ్చె."

"నోరు మూసుకోనుంటే మనకీ ఒక చుక్క దక్కును గదా మామా," అని కోడలు నవ్వింది.

"అయితే ఇక్కడ కప్పల్లేవా తాతా?"

"నల్లరేగడిలో దిగిపోయి ఉండాయేమో. వాన పడితే వాటి అరుపు విని ఫోన్ చేస్తా."

ఆ పిల్ల పటంలో మా చోటు ఖాళీగా వదిలి వెళ్లింది. కిటికీ తెరిచే పడుకుంటాను. అసలు మిగిలి ఉన్నాయో లేదో...