తాళంతో మేలుకునే దీపాలు

జ్లాతీనా, నేనూ కారూ క్షేమం. నిన్నూ పాపనూ తీసుకెళ్లడానికి ఇంకా రాలేదని కోప్పడకు.

"లైట్లు వేయడం మరిచిపోయేవాడి పక్కన పసిపిల్లతో కూర్చోను" అన్నావుగా! అందుకే స్తమెనా మేనత్త ఇంట్లో ఆగి, బంపరుకు రెండు ఫాగ్ లైట్లు బిగించాను. తాళం తిప్పగానే వాటంతటవే వెలిగేలా రిలే అనే చిన్న స్విచ్చు పెట్టి వైరు లాగాను. గురువారం బయలుదేరుతుంటే, దారి నీళ్లలా సాఫీగా సాగాలని అత్త రాగిచెంబుతో నీళ్లు పోసింది. నేల మీద పోయాల్సింది, ప్రేమ ఎక్కువై కారు ముఖాన్నే కుమ్మరించింది. రిలే తడిసిపోయి, తాళం తీసి జేబులో వేసుకున్నా లైట్లు ఆరలేదు. పట్టపగలు పొగమంచులో పెరడంతా తేనెరంగులో తేలింది. కోళ్లు కలలో నడుస్తున్నట్టు నడిచాయి.

"చూడరా ఓగ్న్యాన్, నీ బండే వెళ్లనని మొండికేస్తోంది. చిక్కుళ్ల పులుసు పొయ్యి మీదుంది, ఉండిపో" అంది అత్త. ఉండిపోయాను.

రిలేను పైన, పొడిచోటికి మార్చాను. నిన్న అత్తచేత కావాలనే మళ్లీ చెంబెడు పోయించాను. తాళం తీయగానే లైట్లు బుద్ధిగా ఆరాయి.

పాపకు పన్ను వచ్చిందా? కట్టెలు సరిపోతున్నాయా? మీ నాన్నగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు.

వచ్చే ఆదివారం మలుపులో రెండు పసుపు వెలుగులు కనిపిస్తే పాపనెత్తుకుని గేటు దగ్గరికి రా. ముందు సీటు ఖాళీగానే తెస్తున్నాను.

నీ ఓగ్న్యాన్