సన్నటి రక్తనాళం ఏ కిటికీకి చెందును?

వైకల్య ధ్రువపత్రాల విభాగపు ముఖ్య అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పుట్టుకతో ఉన్న లోపం వల్ల నలభై మూడవ ఏట పక్షవాతం వచ్చినవానికి ఏదో ఒక కిటికీ వద్ద ధ్రువపత్రం ఇప్పించుట గురించి.

వీధిదీపాలు మరమ్మతు చేయు ఉద్యోగినైన నేను, తిరిగి తిరిగి అలసి, చేసుకొను మనవి.

1. మెడ వెనుక నుంచి మెదడుకు రెండు రక్తనాళాలు వెళ్లును. నాకు కుడివైపుది పుట్టుకతోనే దారమంత సన్నమని స్కానింగులో తేలినది. ఇన్నేళ్లూ ఎడమది ఒక్కటే ఇద్దరి చాకిరీ చేసినది. మొన్న వేసవిలో నేను నిచ్చెన మీద ఉండగా దానిలో రక్తపుగడ్డ అడ్డుపడినది. ఆదుకొనుటకు కుడిదానికి సత్తువ లేదు. రక్తం అందక మెదడులో కొంత భాగం చచ్చిపోయినది. "సన్న నాళం ఉన్నవాళ్లందరికీ ఇలా కాదయ్యా. చాలామందికి అది ఉన్నట్టే తెలీదు" అని డాక్టరుగారు అన్నారు. నాకు తెలిసినది.

2. ఇప్పుడు నడిస్తే ఒక పక్కకు ఒరిగిపోవుచున్నాను. నిచ్చెన ఎక్కలేను. ఈ నెలాఖరులోగా ధ్రువపత్రం తెస్తే ఫిర్యాదులు రాసుకొను బల్ల దగ్గర కూర్చోబెట్టెదమనియు, లేనిచో ఇంటికి పంపెదమనియు మా కార్యాలయం వారు తెలిపినారు.

3. తమ ఫారంలో రెండు గడులు కలవు. 'పుట్టుకతో' అను గడికి ఒకటో నంబరు కిటికీ, 'తర్వాత వచ్చినది' అను గడికి మూడో నంబరు కిటికీ. ఒకటో కిటికీ గుమస్తాగారు, "ఇన్నేళ్లు నిచ్చెనలెక్కావు, పుట్టుకతో అంటావేంటి?" అన్నారు. మూడో కిటికీ మేడమ్‌గారు డాక్టరు కాగితం చూసి, "ఇందులో పుట్టుకతో అనే ఉంది కదండీ, అటెళ్లండి" అన్నారు. ఇట్లు పదకొండుసార్లు తిరిగితిని. తిన్నగా నడవలేనివాడినని పైన మనవి చేసియే ఉన్నాను.

4. రెండో కిటికీ సంగతి అడిగితిని. అది మూసి నాలుగేళ్లయినదట.

5. చివరకు ఒకటో కిటికీ వారు, తల్లిగారు 'నా బిడ్డ లోపంతోనే పుట్టెను' అని సంతకం చేస్తే చాలునన్నారు. డెబ్బై దాటిన మా అమ్మను వెంటబెట్టుకొని వచ్చితిని. ఆమె కాగితం చదివించుకొని, "నా బిడ్డ నిక్షేపంగా పుట్టాడయ్యా! కెవ్వుమంటే వార్డంతా లేచి కూర్చుంది. నేనెందుకు పెడతాను సంతకం?" అని లేచి వచ్చేసినది. డాక్టరు 'పుట్టుకతో' అన్న రోజు నుంచి ఆమె సరిగా తినడం లేదు. కడుపుతో ఉన్నప్పుడు ఏం బరువెత్తానో, ఏం తినకూడనిది తిన్నానో అని రోజూ తవ్వుకుంటోంది. తల్లి చేసిన తప్పేమీ లేదని డాక్టరు చెప్పినా వినదు. నాకు చూడబుద్ధి కావడం లేదండీ.

కావున డాక్టరు కాగితమునే ఆధారంగా గైకొని, తమకు తోచిన గడిలో టిక్కు పెట్టి ధ్రువపత్రం ఇప్పించవలెనని ప్రార్థన. నా ఓపిక కూడా నెలాఖరు వరకే కలదని చిత్తగించవలెను.

ఇట్లు,
ఒకటికీ మూడుకూ మధ్య నిలబడియున్న
తమ విధేయుడు,
వీధిదీపాల మరమ్మతు ఉద్యోగి

తా.క.: పై అర్జీ అమ్మకు చదివి వినిపించాను. సంతకం కాగితం తీయమంది. తర్వాత, "ఎక్కడ పెట్టాలో చూపించరా. నా కడుపులోనే పాడైందని రాసెయ్. నీ ఉద్యోగం నిలబడితే చాలు" అని సంతకం పెట్టేసింది. ఆ కాగితం నా జేబులో ఉంది. దీనికి జతచేయడం లేదు సార్. మీరు అడిగినా ఇవ్వను.