చాళ్‌వాళ్ల ఊపిరి కొలతలు కల్పితం కావని మనవి

కామాటిపురా, పదకొండో గల్లీ,
బొంబాయి.
జులై, 1986.

శ్రీయుత విభాగాధిపతి గారి సముఖమునకు,
క్లినికల్ మెజర్‌మెంట్ విభాగము.

అయ్యా,

విషయం: నా కుమార్తె యాదమ్మ తీసిన ఊపిరి కొలతలు కల్పితమని తిరస్కరించుట – పునఃపరిశీలన కోరుట గురించి.

తాము తెలుగువారని యాదమ్మ చెప్పినందున ఈ అర్జీని తెలుగులో సమర్పించుకుంటున్నాను. నా పేరు దుర్గయ్య, తాపీమేస్త్రీని. మా గల్లీలో ఎవరికి అర్జీ కావాలన్నా నేనే రాస్తాను. రేషన్ కార్డులకు రాశాను, కూలిన మెట్లకు రాశాను. సొంతానికి రాయడం ఇదే మొదలు.

1. గుండె, ఊపిరితిత్తులు, నరాలు ఎట్లా పనిచేస్తున్నవో యంత్రాలతో కొలిచి, రోగం ఎక్కడున్నదీ డాక్టర్లకు తెలియజేసే చదువు మా యాదమ్మ తమ వద్ద చదువుతున్నది. చివరి పరీక్షకు ముందు ఆరోగ్యవంతుల ఊపిరి కొలిచి తెమ్మని తాము ఆజ్ఞాపించితిరి. ఊదితే ముల్లు జరిగే గొట్టం ఒకటి ఇచ్చి పంపితిరి.

2. సదరు ఆరోగ్యవంతుల కోసం ఆ పిల్ల ఎక్కడికో పోలేదు. ఆదివారం పొద్దున మా చాళ్‌లో అన్ని గదుల ముందునుంచి పోయే గ్యాలరీలోనే నిలబడి పిలిచింది. అందరూ పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. పెంటయ్య అయితే అంగీ విప్పి, ఛాతీ పొంగించి మరీ వచ్చాడు. రాళ్లు పొడిచేసే మిషన్ దగ్గర పనిచేసే నర్సమ్మను, "దగ్గు గిట్ల ఉన్నదా అత్తా?" అని యాదమ్మ అడిగింది.

"దగ్గు ఎవరికి లేదే? పొద్దుగాల దగ్గుతం, చాయ్ తాగుతం, కామ్‌కు పోతం. నాకేం రోగం? గుండ్రాయి లెక్కున్న."

మేమంతా అదే చెప్పాం. అబద్ధం కాదు, అట్లాగే అనుకున్నాం. సిమెంటులో, సున్నంలో, రాతిపొడిలో బతికేవాళ్లకు పొద్దుటి దగ్గు కోడికూత వంటిది. ఆ పిల్లా ఇక్కడే పుట్టి పెరిగింది కనుక దానికీ ఆ దగ్గు వింత అనిపించలేదు. అందరినీ ఆరోగ్యవంతులనే రాసింది.

3. ఆ కొలతలు చూసి తమ పరీక్షాధికారి, ఆరోగ్యవంతులకు ఇంత తక్కువ రాదనీ, పిల్ల ఇంట్లో కూర్చొని అంకెలు పుట్టించిందనీ నిర్ణయించి, పరీక్షకు కూర్చోనివ్వనన్నారు. ఈ అంశం రాయబోయి రెండుసార్లు లేచి గ్యాలరీలో తిరిగి వచ్చాను. అయ్యా, పుట్టించేదే అయితే మంచి అంకెలే పుట్టించేది కదా! ఎవరికెంత రావాలో తమ పుస్తకంలోనే ఉన్నదట. చూసి ఎక్కిస్తే పోయేది. మా పిల్లకు ఆ మాత్రం తెలివి లేదనుకున్నారా?

4. గొట్టం చెడిందేమోనని మా పక్కనే నాగ్‌పాడా మైదానంలో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లతో ఊదించాం. ముల్లు ఆ చివరకు పోయి కొట్టుకుంది. గొట్టం బాగున్నది.

5. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదు, అయినా రాస్తున్నాను. యాదమ్మ కొలిచింది తప్పయితే మేము బాగున్నట్టు. ఒప్పయితే బాగులేనట్టు. ఇప్పుడు చాళ్‌లో పొద్దస్తమానం ఇదే పంచాయితీ. మా పక్క ఖోలీలో ఉండే లక్ష్మవ్వ, "పోరి కొలుసుడు తప్పే కావాలె, ఎల్లమ్మ తల్లీ" అని అందరూ వినేటట్టు మొక్కుకున్నది. అప్పటినుండి నా భార్య కిష్టమ్మ ఆమెతో మాట మానేసింది. ఎవరిని తప్పుపట్టను?

"రోగమున్నోళ్లని రాసిస్తే ఒప్పుకుంటరేమో బిడ్డా" అని నేనే యాదమ్మతో అన్నాను.

"ఏ డాక్టరూ చెప్పనిది నేనెట్ల రాస్త నాయినా? నాకు కొలుసుడే నేర్పిండ్రు" అని అటు తిరిగింది. అన్నం తినడం లేదు, కూర్చున్నచోట కూర్చోవడం లేదు.

కావున తమకు నా ప్రార్థన ఏమనగా, తమ కళ్లెదుట, తమ యంత్రం మీద మా చాళ్‌వాళ్లందరినీ మళ్లీ కొలిపించవలెను. కూలి పోయినా వస్తామని అందరూ ఒప్పుకున్నారు, లక్ష్మవ్వ తప్ప. అంకెలు అవే వచ్చినచో మమ్మల్నందరినీ రోగులుగా తేల్చి, మా పిల్లను పరీక్షకు కూర్చోబెట్టవలెను. ఇందుకు మాకు అభ్యంతరం లేదు. కనీసం నాకు లేదు.

పరీక్ష ముంచుకొస్తున్నది గనుక దీన్ని కాగితాల కట్ట కింద పెట్టక, వెంటనే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దుర్గయ్య

తా.క.: అందరినీ ఎవరితో ఊదించినా సరే, నన్ను మాత్రం యాదమ్మ ముందర ఊదించవద్దు. ఆ ఆదివారం నా వంతు ఆఖరున వచ్చింది. ముల్లు ఎక్కడ ఆగిందో చూసి యాదమ్మ, "గొట్టం కడుక్కొస్త నాయినా" అని నల్లా దగ్గరికి పోయింది. ఎంతకీ రాకపోతే పోయి చూశాను. నల్లాలో నీళ్లు లేవు. ఊరికే నిలబడి ఉన్నది. నన్ను చూసి మొహం తుడుచుకొని, "ఇంకోసారి ఊదు నాయినా, గట్టిగ" అన్నది. ఊదాను. అంతకుముందు కూడా గట్టిగానే ఊదాను, అయ్యా.