నార్మల్ అని వెళ్లిన రిపోర్టు గురించి

డ్రెస్డెన్,
మంగళవారం ఉదయం.

ప్రవాస భారతీయుల సహాయ విభాగపు అధికారి శ్రీ భాస్కర్ రావు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: అభినవ్ అను విద్యార్థి ఆచూకీ అత్యవసరముగా కనుగొనుట గురించి.

1. నా పేరు దేవకుమారి, స్వస్థలం నరసాపురం. తొమ్మిదేళ్లుగా ఇక్కడొక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌ను. రోగి వివరాలు బయటపెట్టడం నేరమని తెలిసే ఈ అర్జీ రాస్తున్నాను.

2. మా రక్తపు ట్యూబుల మీద గీతల బార్‌కోడ్ ఉంటుంది. దుకాణంలో పాల ప్యాకెట్ మీది పదమూడంకెల కోడ్‌లో చివరి అంకె మిగతావాటిని సరిచూస్తుంది. పార్సిళ్ల మీది కోడ్ 128కీ అటువంటి కాపలా ఉంది. మా ల్యాబులో మాత్రం అట్టపెట్టెల మీద వేసే పాత రకం కోడ్‌ను ఏ కాపలా అంకే లేకుండా వాడుతున్నారు. లేబుల్ వంకరగా అంటితే రీడర్ చివరి రెండంకెలు వదిలేసి, మిగిలిందే పూర్తి నంబరని నమ్ముతుంది.

3. గత సోమవారం అదే జరిగింది. వార్డులోని ఒక రోగి ఎనిమిదంకెల నంబరును రీడర్ ఆరంకెలుగా చదివింది. బయటినుంచి వచ్చేవారికి ఆరంకెలే ఇస్తారు; ఆ ఆరంకెలు, వైద్యపరీక్షకు వచ్చిన అభినవ్ నంబరు. ఆ రోగి నార్మల్ ఫలితం ఇతని రిపోర్టుగా వెళ్లిపోయింది. తరువాత ఇతని ట్యూబు రాగా, 'పరీక్ష ఇదివరకే పూర్తయినది' అని యంత్రం పక్కకు నెట్టేసింది.

4. మర్నాడు ఆ ట్యూబు నా కంటబడింది. నంబరు చేత్తో కొట్టి మళ్లీ పరీక్షించాను. తెల్లకణాలు లక్షా ఎనభై వేలు. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తొమ్మిది వేలే. మైక్రోస్కోపు కింద కూడా చూసి రూఢి చేసుకున్నాను. రక్త క్యాన్సర్ అయ్యా. పిల్లవాడికి ఇరవై మూడేళ్లు.

5. విభాగాధిపతికి చూపించాను.

"ఉత్తరం పంపండి" అన్నారు.

"మరి యంత్రం?"

"నడవనివ్వండి. ఆపితే ఆసుపత్రే ఆగిపోతుంది."

ఉత్తరం నిన్న తిరిగొచ్చింది. అభినవ్ ఇంటర్న్‌షిప్‌కు ఇంగోల్‌స్టాట్ వెళ్లాడట. అక్కడ ఆన్మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, ఇంకా చేయించుకోలేదు కనుక కొత్త చిరునామా ఏ రికార్డులోనూ లేదు. ఇచ్చిన ఫోను పనిచేయడం లేదు.

"మన బాధ్యత తీరింది" అన్నారాయన. నాకు తీరలేదండీ.

6. కావున తమ వద్ద నమోదైన విద్యార్థుల జాబితా వెతికించి, ఈ పూటే అతన్ని ఆసుపత్రికి చేర్చవలసినదిగా ప్రార్థన. నా ఉద్యోగం సంగతి తరువాత చూసుకుంటాను. ఆలస్యం చేయక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దేవకుమారి

తా.క. సంతకం చేశాక, మా చర్చికి వచ్చే సూజీ అతని కొత్త నంబరు సంపాదించింది. ఫోన్ చేశాను.

"రిపోర్ట్ నార్మలే వచ్చింది కదక్కా" అన్నాడు. "పండ్లు తోముకుంటే రక్తం వస్తుంది, గంతే."

"ఉన్నవాడివి ఉన్నట్టు ఆసుపత్రికి పో నాయనా!"

"రేపు డాక్టర్ దగ్గర టెర్మిన్ తీస్కుంటక్కా."

అతని చిరునామా అడిగి, అంబులెన్సును నేనే పిలిచి, కాసేపాగి మళ్లీ ఫోన్ చేశాను. ఫోన్ అతని రూమ్మేట్ హ్యారీ ఎత్తాడు. "అక్కా, బాత్రూంల పడిపోయిండు. అంబులెన్స్ తీస్కపోయింది. పిలిస్తే పలుకుతలేడు."

అయ్యా, ఇక అతని చిరునామా వెతకనక్కరలేదు. కరీంనగర్‌లో వాళ్లమ్మకు ఎవరు చెబుతారో చూడండి. నావల్ల కాదు.

యంత్రం పక్కకు నెట్టిన ట్యూబులు ఈ పొద్దు ఇంకో మూడున్నాయి. ఒకదాని మీద ఈషా అని ఉంది. ఆ పిల్లెవరో, ఎక్కడుందో త్వరగా కనుక్కోండి.