వాన రోజు దోమల లెక్క

రాజుపాలెం, గురువారం
అక్టోబరు 1986

ఇవాళ మీటింగులో మా ఆఫీసరు గారు ప్రసాద్ లెక్కల పుస్తకాన్ని పైకెత్తి అందరికీ చూపించారు. "పరిశోధన లెక్కలంటే ఇట్టా ఉండాలయ్యా" అన్నారు. అతనూ నేనూ ఒకే రోజు ఈ వ్యవసాయ పరిశోధన ఉద్యోగంలో చేరాం. పొద్దున్నే మంచులో పత్తి ఆకులు తిప్పి, వాటి రసం పీల్చే తెల్లదోమల్ని లెక్కపెట్టీ పెట్టీ నా మెడ పట్టేసింది. నా పుస్తకం నిండా బురద మరకలు. అతనిది పెళ్లి శుభలేఖలా ఉంది. ఒళ్లు మండిపోయింది.

అందులో పెద్దవాన పడిన రోజు లెక్క కూడా ఉంది. ఆ నల్లరేగడిలో ఆ రోజు ఎవరు దిగగలరు? సాయంత్రం సైకిలేసుకుని వెళ్లి, అతనికి అప్పగించిన చేను రైతు కోటయ్యనే అడిగాను.

"ఏంది సారూ, ఆ వానకి నా ఎద్దులే చేలో దిగలా. మీ ప్రసాదు సారైతే ఈ నెలలో మా చేను మొకమే చూళ్ళేదు. ఇంతకీ దోమకి మందు ఎప్పుడు కొట్టమంటారు? మీ లెక్క తేలాలని చానామందిమి ఆగి ఉన్నాం."

దొరికాడు! దారంతా ఈల వేసుకుంటూ వచ్చాను.

ఇంటికి చేరాక గానీ, కోటయ్య అడిగినదానికి జవాబు చెప్పలేదని గుర్తు రాలేదు.