సలహాదారుల వృత్తులు మార్చేది లేదు

రోజ్ బెల్, ఆగస్టు 1911

చిరంజీవి దాలినాయుడికి మావయ్య దీవెనలు.

మన బడి ధర్మనిధికి సర్కారు అనుమతి రావాలంటే సలహాదారులవి ఘనమైన వృత్తులై ఉండాలనీ, నూకయ్యని వర్తకుడనీ పోలమ్మని భూస్వామి అనీ మార్చి రాయమనీ పోర్ట్ లూయీ నుంచి రాశావు. కచేరీలో దుబాసీవి, నీకు తెలియదనను. కానీ మార్చను.

పోలమ్మ మంత్రసాని. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "ఆడి బొడ్డు కోసిన సెయ్యే ఇది. నానేటి సేత్తానో ఆడికి తెల్దేటి?" అంది. చెరుకుతోట కూలీల కాంపంతా నవ్వింది. నవ్వనివాడు నూకయ్య ఒక్కడే.

"నా పేరు తీసెయ్ బావా. బడి రావాల గదా," అన్నాడు.

అక్కడే నాకు ఒళ్లు మండింది. నూకయ్య చెరుకుబండి తోలుతాడు. ముప్పై ఏళ్ల కిందట బండి వెనక పలక మీద రోజుకో అక్షరం సుద్దతో రాసేవాడు. మిల్లుదాకా నడుస్తూ దాన్ని చూసి నేర్చుకున్నాం. ఎద్దులు నిదానం కనక నాకు గుణింతాలు వచ్చాయి. గుర్రాలైతే "ఆ" దగ్గరే ఆగిపోయేవాణ్ణి. చిన్నప్పుడు నువ్వూ ఆ బండి వెనకే నడిచావు.

కనక అర్జీలో ఇంగ్లీషులో ఇలాగే రాయి: నూకయ్య, బండి తోలేవాడు. పోలమ్మ, మంత్రసాని. నేను, చెరుకు కొట్టేవాణ్ణి, బండి వెనక చదువుకున్నవాణ్ణి. ఇందులో ఒక్క మాట మారినా నా సంతకం ఉండదు.

అనుమతి ఇవ్వకపోతే మానె. సోమవారం నుంచి బండి వెనక మళ్లీ బడి పెడతాం. నూకయ్య పలక కడిగాడు, నేను సుద్ద కొన్నాను.

ఇట్లు,
మావయ్య