వెనక్కి లాగిన కుర్చీ

నాన్నా,

నువ్వు లేని మొదటి చలికాలం ఇది. ఆదివారం అమ్మను సుల్తాన్‌పూర్ పక్షుల మడుగుకు తీసుకెళ్లాను. ఇసుకలో ఆమె చక్రాల కుర్చీ దిగబడుతుందని నువ్వొక్కడివే వెళ్లేవాడివి. వచ్చి పక్షుల గురించి చెబితే "చాల్లెండి, కోతలు" అని నవ్వేసేది.

కుర్చీ నిజంగానే దిగబడింది. "ఉల్టా ఖీంచో, దీదీ" అన్నాడు గేటు దగ్గరి కాపలా భయ్యా. వెనక్కి తిప్పి లాగితే కదిలింది. నేను నీళ్లవైపు నడుస్తున్నాను. మేమొచ్చిన దారివైపు ముఖం పెట్టి కూర్చున్న అమ్మే ముందు చూసింది. వందల బాతులు! మా తలల మీదుగా నీళ్లలోకి దిగుతుంటే ఆ రెక్కల చప్పుడులో నా మాట నాకే వినబడలేదు.

నీ బైనాక్యులర్స్ ఆమె ఒళ్లోనే ఉండిపోయాయి. బాతుల మీంచి చూపు తిప్పకుండానే అంది:

"మీ నాన్న తక్కువే చెప్పారే."